డాబా మీద యాంటెన్నా పాఠం

నేను ఈసీఈలో చేరిన వారానికే నందిగామలో ఉండే మా మేనత్త పాడైపోయిన మిక్సీ ఒకటి సంచిలో పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. "నీది ఎలక్ట్రానిక్సేగా, ఓసారి చూడవే" అంది. అప్పటికి కాలేజీలో మాకు చెప్పినవి లెక్కలూ, ఇంగ్లీషూ, డ్రాయింగు షీటు మీద పెన్సిలు మరకలు పడకుండా చూసుకోవడమూ. నేను మిక్సీని అటూ ఇటూ తిప్పి, ఏదో ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టి నిలబడ్డాను. నాన్న వచ్చి ప్లగ్గు దగ్గర తెగిన వైరు చూసి, మెలిపెట్టి, టేపు చుట్టారు. మిక్సీ తిరిగింది. మేనత్త మాత్రం చుట్టాలందరికీ ఫోన్లు చేసి నేనే బాగుచేశానని చెప్పింది. ఆ తర్వాత మా ఇంటికి రిమోట్లు వచ్చాయి, చార్జర్లు వచ్చాయి, ఒకసారి ఎవరిదో చెవి మిషను కూడా వచ్చింది.

నిజానికి నేను కోరుకున్నది కంప్యూటర్సు. ర్యాంకు ఒప్పుకోలేదు. "ఈసీఈ అయితే అటూ పోవచ్చు, ఇటూ పోవచ్చు" అని తెలిసినవాళ్ళంతా ఒకే మాట అన్నారు. ఎటు పోతే బాగుంటుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇంటి నుంచి పోయిరావడానికి వీలుగా నందిగామ దాటాక హైవే పక్కన ఉన్న కాలేజీలో సీటు వచ్చింది. పొద్దున్నే జగ్గయ్యపేట బస్టాండులో విజయవాడ బస్సెక్కేదాన్ని. సీటు దొరికితే కిటికీకి తల ఆనించి నిద్ర, దొరక్కపోతే రాడ్డు పట్టుకుని నిద్ర. చిల్లకల్లు దగ్గర బస్సు హైవే ఎక్కగానే వీచే గాలికి ఒకసారి మెలకువ వచ్చేది, అంతే.

కాలేజీలో నా బెంచీ మీద కూర్చున్న అమ్మాయిది చందర్లపాడు. వాళ్ళది వ్యవసాయం, మిర్చీ, పత్తీ. పొలంలో ఈ గట్టు మీంచి ఆ గట్టుకు కేకేసి పెరిగిన గొంతు ఆమెది. గుసగుసగా మాట్లాడటం ఆమెకు చేతకాదు. క్లాసులో నా చెవిలో ఏదైనా చెబితే వెనక బెంచీవాళ్ళు కూడా నవ్వేవాళ్ళు. మొదటి సంవత్సరం ఎలక్ట్రానిక్ డివైసెస్ ల్యాబులో మేమిద్దరం ఒకే బ్యాచి. నేను సర్క్యూటు బొమ్మ చూసి చదివితే ఆమె వైర్లు గుచ్చేది. ఎప్పుడైనా ఏదైనా పొగ వస్తే ఇద్దరం ఒకరి వైపు ఒకరు వేలు చూపించుకునేవాళ్ళం. అలా స్నేహం కుదిరింది.

మూడో సంవత్సరంలో యాంటెన్నాల సబ్జెక్టు వచ్చింది. సీనియర్లంతా దాని పేరు చెప్పి మమ్మల్ని భయపెట్టి ఉంచారు. పుస్తకం తెరిస్తే పేజీ నిండా సమీకరణాలు, మధ్యలో అక్కడక్కడా బెండకాయ అడ్డంగా కోసినట్టు బొమ్మలు. ఆ ఏడే కొత్తగా చేరిన మేడమ్ ఆ సబ్జెక్టు తీసుకున్నారు. గోదావరి వైపు నుంచి వచ్చారు. మాకంటే పెద్దగా పెద్దవారు కూడా కాదు. మొదటి రోజు క్లాసుకు బట్టలు తగిలించుకునే ఇనప తీగ హ్యాంగరొకటి తెచ్చి బల్ల మీద పెట్టారు.

"ఇదేంటి?" అన్నారు.

ఇందులో ఏదో మెలిక ఉందని అందరికీ అనుమానం. చివరకు మా చందర్లపాడు పిల్లే, "హ్యాంగర్ మేడమ్" అంది.

"అవును, హ్యాంగరే. సరైన చోట కత్తిరిస్తే యాంటెన్నా కూడా" అన్నారు మేడమ్. ఆ రోజు బోర్డు మీద ఒక్క సమీకరణం కూడా రాయలేదు. గాలిలో మన చుట్టూ ఇప్పుడు ఏమేం పోతున్నాయో చెప్పారు. ఫోన్ల మాటలు, విమానాల మాటలు, రేడియో పాటలు, భూమి చుట్టూ తిరుగుతూ ఉపగ్రహాలు కిందికి పంపే మేఘాల ఫొటోలు. "అవన్నీ ఈ గదిలోనే ఉన్నాయి. పట్టుకునేవాళ్ళు కావాలంతే" అన్నారు. నేను తెలియకుండానే తలెత్తి ఫ్యాను వైపు చూశాను.

రెండు వారాల తర్వాత మినీ ప్రాజెక్టుల సంగతి వచ్చింది. మా కాలేజీలో మినీ ప్రాజెక్టంటే విజయవాడ వెళ్ళి తయారుగా ఉన్న కిట్టు కొనుక్కురావడం. గోడ కనబడితే పక్కకు తిరిగే చిన్న కారు, మట్టి ఎండితే నీళ్ళు పోసే కుండీ, ఏటా ఇవే. మేడమ్ ఆ మాటే ఎత్తి, "నా సబ్జెక్టులో కొన్న కిట్లు వద్దు. గాలిలోంచి మీరు సొంతంగా ఏదైనా పట్టుకుని చూపించండి" అన్నారు. "వాతావరణ ఉపగ్రహం నుంచి ఫొటో ఎవరైనా పడతారా?" అని కూడా అడిగారు.

"మేం పడతాం మేడమ్!" అంది నా పక్కన గొంతు.

"మేం అంటే?" అన్నాను నేను భయంగా.

"నువ్వూ నేనూనే. ఇంకెవరు?"

అలా ఇరుక్కున్నాను. బయటికొచ్చాక ఆమెను నిలదీస్తే, "అందరూ ఎఫ్ఎం రేడియో చేస్తారే. మనమూ అదే చేస్తే ఏం బాగుంటది?" అంది.

మేడమ్ తన సొంత రిసీవరు మాకిచ్చారు. పెన్‌డ్రైవంత ఉంది. ల్యాప్‌టాపుకు గుచ్చి, రెండో వైపు యాంటెన్నా తగిలిస్తే గాలిలో ఉన్న సిగ్నళ్ళు తెర మీద రంగుల చారలుగా కిందికి జారుతూ కనబడతాయి. ఆ ఉపగ్రహాలు చాలా పాతవి. ఇప్పుడు వాటిని ఆపేశారట. అప్పట్లో ఇంకా తిరుగుతుండేవి, పొద్దునొకసారి, సాయంత్రమొకసారి మన నెత్తి మీదుగా పోతూ, కింద కనబడుతున్న మేఘాలను ఒక్కో గీతగా పంపుతూ ఉండేవి. తల మీదికొచ్చిన ఆ పావుగంటలోనే పట్టుకోవాలి. దాటిపోతే మళ్ళీ ఇంకో పూట దాకా ఆగాల్సిందే.

యాంటెన్నాకు కావలసింది రెండు అల్యూమినియం కడ్డీలు. ఒక్కోటి మూరెడు మీద నాలుగు వేళ్ళు పొడవు. వాటిని వెడల్పుగా తెరిచిన వేళ్ళలా అమర్చి, మధ్యలోంచి కేబుల్ టీవీ వైరు తీసుకురావాలి. కడ్డీల కోసం ఎక్కడ తిరగాలా అని ఇంట్లో అనుకుంటుంటే నాన్న ఏమీ మాట్లాడకుండా స్టూలేసుకుని అటకెక్కారు. బూజు పట్టిన పాత టీవీ యాంటెన్నా దించారు. నాన్న హైస్కూల్లో సోషల్ మాస్టారు. తన చిన్నప్పుడు ఆ యాంటెన్నా తిప్పే ఉద్యోగం తనదేనని చెప్పారు. "నేను డాబా మీద తిప్పడం, మీ తాతగారు కింద నుంచి వచ్చింది, వచ్చింది, పోయిందిరా అని అరవడం. సినిమా మొత్తం నేను డాబా మీదే విన్నా" అన్నారు. హాక్సా బ్లేడుతో దాని కడ్డీలు కోస్తుంటే కాస్త బాధపడతారేమో అనుకున్నాను. పట్టుకోవడానికి తనే ముందుకొచ్చారు.

మొదట కాలేజీ డాబా మీద ప్రయత్నించాం. పర్మిషను దొరకడానికే మూడు గదులు తిరిగాం. తీరా ఎక్కాక పక్కనే సెల్ టవరు, కింద జెనరేటరు, హైవే మీద లారీలు. తెర మీద కనబడింది ఇసక తుపాను. మేడమ్ చూసి, "ఇక్కడ కుదరదు. ఇళ్ళు తక్కువున్న చోట పెట్టండి" అన్నారు. చందర్లపాడులో ఆమె వాళ్ళింటి డాబా నిండా మిరపకాయలు ఎండుతున్నాయి, అడుగు పెట్టే సందు లేదు. సరే, జగ్గయ్యపేటలో మా ఇంటికే రమ్మన్నాను.

ఆమె శనివారం సాయంత్రం దిగింది. చేతిలో బట్టల సంచీ, భుజం మీద వాళ్ళ పొలంలోంచి తెచ్చిన ప్లాస్టిక్ పైపు. ఆ పైపుతో బస్సులో ఎలా వచ్చిందో నేను అడగలేదు. బకెట్లో ఇసక పోసి, పైపు నిలబెట్టి, దాని కొసకు కడ్డీలు బిగించాం. డాబా మీద ఓ పక్క అమ్మ పెట్టిన వడియాలు, ఓ పక్క మా యాంటెన్నా. ఆదివారం పొద్దున ఉపగ్రహం వచ్చే వేళకు ల్యాప్‌టాపు తెరిచాం.

తెర నిండా నిలువు గీతలు. దువ్వెన పళ్ళలాగా, సమానమైన దూరంలో, ఒకదాని పక్కన ఒకటి. ఉపగ్రహం సిగ్నలు వాటి మధ్యలో ఎక్కడో నలిగిపోయింది. పావుగంట అయిపోయింది. మాకు ఫొటో బదులు బూడిద రంగు దుప్పటి దొరికింది.

మేడమ్‌కు తెర ఫొటో పంపి ఫోన్ చేశాం. ఆవిడ నవ్వారు. "అంత క్రమంగా వస్తోందంటే అది ప్రకృతి కాదు, ఎవరిదో ఇంట్లో వస్తువు. నాయిస్ కూడా సిగ్నలేనమ్మా. ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకోండి" అన్నారు.

పట్టుకోవడమంటే వీధిలోకి దిగడమే. నేను ల్యాప్‌టాపు తెరిచి రెండు చేతుల మీద పళ్ళెంలా పట్టుకున్నాను. ఆమె యాంటెన్నా పైపు భుజానేసుకుంది. మా వీధి మొదట్నుంచి ఒక్కో ఇంటి ముందు ఆగి, గీతలు ముదురుతున్నాయా, పలచబడుతున్నాయా అని చూసుకుంటూ నడిచాం. మూడో ఇంట్లో కోదాడ నుంచి కోడలిగా వచ్చిన ఆవిడ గేటు దగ్గర నిలబడి ఉంది.

"ఏం జేస్తున్రు? సర్వేనా?" అని అడిగింది.

"సిగ్నల్ చూస్తున్నామండీ" అంది నా స్నేహితురాలు, తన మామూలు గొంతుతో.

ఆ ఒక్క మాట చాలింది. మేం వీధి చివరకు పోయి వెనక్కి తిరిగేసరికి మా వీధిలో సెల్ టవరు పెడుతున్నారన్న వార్త రెండు వైపులా పాకిపోయింది. రిటైరైన ఒక పెద్దాయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ గబగబా వచ్చారు. "అమ్మాయ్, మీ కంపెనీ వాళ్ళతో చెప్పండి. మా డాబా గట్టిది. పిల్లర్లేసి కట్టించా. టవరుకి దానికి మించింది ఈ వీధిలో లేదు" అన్నారు. ఆయన మాట పూర్తి కాకముందే ఎదురింటి పిన్నిగారు మెట్ల మీంచే అందుకున్నారు. "టవరు పెడితే పిచ్చుకలు పోతాయి, మనుషులకి తలనొప్పులొస్తాయి. ఎవరు ఒప్పుకుంటారో నేనూ చూస్తా!"

"పిచ్చుకలు ఇప్పుడు మాత్రం ఎక్కడున్నాయండీ?" అన్నారు పెద్దాయన.

"మా ఇంట్లో ఉన్నాయి!"

ఇద్దరూ మమ్మల్ని మరిచిపోయి వాదులాటలో పడ్డారు. ఇంకో నలుగురు చేరారు. నేను ఏదో చెప్పబోయాను గానీ నా మాట ఎవరికీ వినబడలేదు. వినబడే గొంతున్న నా స్నేహితురాలేమో పైపు పట్టుకుని పగలబడి నవ్వుతోంది. చివరకు అమ్మ పంపితే నాన్న లుంగీ మీదే వచ్చారు. వీధిలో సగంమంది పిల్లలు ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే కాబట్టి అందరూ ఆగారు. "టవరు కాదండీ, చదువు. పిల్లలు కాలేజీ పని చేసుకుంటున్నారు" అన్నారు. పిన్నిగారు శాంతించారు. పెద్దాయన మాత్రం, "పోనీ భవిష్యత్తులో ఎప్పుడైనా..." అని నా వైపు చూసి లోపలికి వెళ్ళారు.

ఇంత గొడవలోనూ మేం గమనించింది ఒకటుంది. వీధి చివర గీతలు దాదాపు లేవు. మా ఇంటి వైపు నడిచేకొద్దీ చిక్కబడ్డాయి. మా గేటు ముందు తెర మొత్తం దువ్వెనే.

"ఏమే, దొంగ మీ ఇంట్లోనే ఉన్నాడే" అంది ఆమె.

లోపలికొచ్చి మెయిన్ ఆపేశాం. వంటింట్లో రుబ్బుతున్న మిక్సీ ఆగిపోయింది, అమ్మ కేకేసింది. తెర మీద గీతలు తుడిచేసినట్టు పోయాయి. మళ్ళీ మెయిన్ వేసి ఒక్కో స్విచ్చూ ఆపుతూ వచ్చాం. ఫ్రిజ్ కాదు. టీవీ కాదు. నేను చాలాకాలంగా అనుమానించిన నా ఫోన్ చార్జరు కూడా కాదు. ఆఖరికి దేవుడి గదిలో నాయనమ్మ మంత్రాల పెట్టె ప్లగ్గు పీకగానే గీతలు మాయం.

ఆ పెట్టె నాన్న కొనిచ్చింది. అరచేతిలో పట్టేంత ఉంటుంది. ఒకే మంత్రం రోజంతా మళ్ళీ మళ్ళీ చదువుతుంది. దాని అసలు అడాప్టరు పోతే బస్టాండు దగ్గర బండి మీద దొరికిన నల్లటిదేదో తెచ్చి పెట్టాం. ఆ నల్లదే గోల చేస్తోంది.

మంత్రం ఆగిపోయేసరికి నాయనమ్మ వసారాలోంచి వచ్చింది. "ఎవరే ఆపింది?"

"ఉపగ్రహం వచ్చినప్పుడు ఓ పావుగంట ఆపుతావా నాయనమ్మా? దీన్నుంచి గోల వస్తోంది."

"భగవంతుడి పేరు నీకు గోలటే?"

"పేరు కాదండీ మామ్మగారూ, ఆ అడాప్టరండీ" అని నా స్నేహితురాలు సర్దిచెప్పబోయింది. నాయనమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "సరే, మీ చదువుకి అడ్డమైతే ఆపుకోండి" అంది. అని మళ్ళీ వసారాలోకి వెళ్ళి కూర్చుంది. అంత సులువుగా ఒప్పుకోవడం నాకు నచ్చలేదు. నాయనమ్మ ఏ విషయంలోనూ అంత తొందరగా ఒప్పుకునే మనిషి కాదు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక నా స్నేహితురాలు ఆమె పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచింది. నేను గుమ్మం దగ్గర ఉన్నాను. "ఆ మంత్రం రోజంతా వింటారా మామ్మగారూ?" అని అడిగింది.

"ఎవరు వింటారమ్మా!" అంది నాయనమ్మ. "నేను విననే వినను. పొద్దున్నే వీళ్ళందరూ తలో దారినా పోతారు. మావాడు స్కూలుకీ, కోడలు ఆఫీసుకీ, ఇది నందిగామకీ. సాయంత్రం దాకా ఇంట్లో చప్పుడుండదు. అది మాట్లాడుతుంటే ఎవరో లోపలి గదిలో ఉన్నట్టుంటుంది. అంతే."

నేను ఇరవై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్నాను. పెట్టె భక్తి కోసమే పెట్టుకుందనుకున్నాను. నాన్నా అలాగే అనుకుని కొన్నారు. గుమ్మం దగ్గర్నుంచి వచ్చి చిక్కుడు తొక్కలు ఏరుతూ కూర్చున్నాను. నా స్నేహితురాలు మాత్రం డాబా మీదికి రాగానే తేల్చేసింది. "ఒసే, దాన్ని ఆపొద్దు. అడాప్టరు మారుద్దాం."

"కొత్తది కొన్నా అదే రకం వస్తే?"

"కొనడమెందుకే? ఫస్టియర్ ల్యాబులో పవర్ సప్లై కట్టాం కదా. ట్రాన్స్‌ఫార్మరు, నాలుగు డయోడ్లు, కెపాసిటరు, రెగ్యులేటరు. దానికి ఈ గోల ఉండదు. మనమే కట్టిద్దాం మామ్మగారికి."

ఫస్టియర్లో ఆ ప్రయోగం మేం రికార్డు కోసం చేశాం. రీడింగులు వచ్చాయి, సంతకం పడింది, మరిచిపోయాం. ఇప్పుడు అదే సర్క్యూటు బొమ్మ మళ్ళీ తీసి చదువుతుంటే, ఒక్కో ముక్క ఎందుకుందో మొదటిసారి పట్టించుకున్నాను. ఆ వారమంతా క్లాసులయ్యాక ల్యాబులో కూర్చుని కట్టాం. టంకం వేయడం ఆమె వంతు, తప్పులు వెతకడం నా వంతు. మేడమ్ పక్కన నిలబడి ఎక్కడా కరెంటు తీగ బయటికి కనబడకుండా చూశారు. అంతా ఒక ఐస్‌క్రీమ్ డబ్బాలో పెట్టి, గాలాడటానికి మూతకు కన్నాలు చేసి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

ఇంట్లో తగిలించగానే పెట్టె మాట్లాడింది. కానీ మంత్రం వెనక సన్నగా గుయ్‌మని మోత. నాయనమ్మ చెవి దగ్గర పెట్టుకుని, "ఇదేంటే, మంత్రంలో తుమ్మెద దూరింది?" అంది.

కెపాసిటరు చిన్నదైపోయింది. నాయనమ్మకు ఎలా చెప్పాలా అని ఆలోచించి, "అది డాబా మీద వాటర్ ట్యాంకు లాంటిది నాయనమ్మా. మోటారు ఆగి ఆగి పోసినా కుళాయిలో ధార ఆగకూడదు కదా. మేం పెట్టిన ట్యాంకు చాల్లేదు" అన్నాను.

"అయితే పెద్ద ట్యాంకు పెట్టండి. ఇంజనీర్లకి ఇది కూడా నేనే చెప్పాలా?"

పెద్దది పెట్టాం. తుమ్మెద పోయింది. నాయనమ్మ ఓ గంటసేపు విని, డబ్బా మీద చెయ్యి వేసి, "ఒళ్ళు వెచ్చగా ఉందే దీనికి" అని ఒకసారి కంగారుపడింది. ట్రాన్స్‌ఫార్మరు ఆ మాత్రం వేడెక్కుతుందని చెబితే కుదుటపడింది. నేను డాబా మీదికి పరుగెత్తి ల్యాప్‌టాపు తెరిచి చూశాను. దువ్వెన లేదు. కింద మంత్రం వినబడుతూనే ఉంది. పొరపాటున ఆపేశారేమోనని రెండుసార్లు కిందికి తొంగిచూశాను.

మరుసటి ఆదివారం నా స్నేహితురాలు మళ్ళీ వచ్చింది. ఆకాశం సగం మబ్బు, సగం ఎండ. ఉపగ్రహం ఉత్తరం నుంచి దక్షిణానికి పోవాలి. వేళయ్యింది. మొదట ఏమీ లేదు. తర్వాత తెర మధ్యలో సన్నటి గీత, వెంట్రుకంత. అది మెల్లగా లావెక్కింది. ల్యాప్‌టాపు స్పీకర్లోంచి టిక్కు టక్కు, టిక్కు టక్కు అని చప్పుడు మొదలైంది, ఎవరో కుట్టుమిషను తొక్కుతున్నట్టు.

"వచ్చిందే!" అని ఆమె వేసిన కేక మా వీధి రెండు చివరలకూ వినబడి ఉంటుంది.

నాన్న రెండేసి మెట్లు దాటుకుంటూ పైకొచ్చారు. అమ్మ గరిటెతో వచ్చింది. నాయనమ్మ మోకాళ్ళు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది, చాలాకాలానికి డాబా ఎక్కింది. తెర మీద ఫొటో పై నుంచి కిందికి ఒక్కో గీతగా దిగుతోంది. మొదట తెల్లగా హిమాలయాల మంచు. కింద మసక మైదానం. కాస్సేపటికి కుడి నుంచి ఎడమకు వంగుతూ తూర్పు తీరం, దాని పక్కన నల్లగా సముద్రం. బంగాళాఖాతం మీద దూది విప్పి పరిచినట్టు మేఘాలు. మా చందర్లపాడు గొంతు కూడా ఆగింది.

నాన్నే ముందు తేరుకున్నారు. ఇన్నేళ్ళుగా క్లాసులో గోడకు వేలాడదీసి చూపించే మ్యాపు తన కళ్ళ ముందే తయారవుతుంటే ఆయన వేలు ఊరుకోలేదు. "ఇదిగో, ఈ ఉబ్బెత్తు చూశారా? ఇక్కడే కృష్ణ సముద్రంలో కలుస్తుంది" అన్నారు.

"మన ఇల్లెక్కడరా?" అంది నాయనమ్మ.

"ఇల్లు కనబడదమ్మా. చాలా ఎత్తు నుంచి కదా. ఇటు పైకొస్తే... ఈ చుక్క. జగ్గయ్యపేట మొత్తం ఈ చుక్కలోనే."

నాయనమ్మ ఆ చుక్క మీద వేలు పెట్టబోయి, తెర పాడవుతుందేమోనని ఆగింది. "మరి మా అమ్మాయి?"

"అక్కయ్య నందిగామలో కదా. ఇదిగో, కాస్త కుడివైపు."

"ఇంత దగ్గరుండి నెలకోసారి కూడా రాదు" అంది నాయనమ్మ. అందరం నవ్వాం. సిగ్నలు సన్నబడి, ఫొటో శ్రీలంక దాటి మసకేసిపోయింది. నేను ఒకటికి మూడు చోట్ల దాచుకున్నాను. నా స్నేహితురాలు యాంటెన్నా పైపును కావలించుకుని డాబా అంతా తిరిగింది. వడియాలు కొన్ని ఆమె కాళ్ళ కింద పడ్డాయి. అమ్మ చూసి కూడా ఏమీ అనలేదు.

వైవాకు వేరే కాలేజీ నుంచి పెద్ద వయసు ఎగ్జామినరు వచ్చారు. అప్పటికే అరడజను ఎఫ్ఎం రేడియోలు చూసి అలిసిపోయి ఉన్నారు. మా ఫొటో చూసి అనుమానంగా, "ఈ కిట్టు ఎక్కడ కొన్నారు?" అన్నారు.

"కొనలేదండి. కడ్డీలు దీని అటక మీదివండి, పైపు మా పొలంలోదండి, బకెట్టు వాళ్ళమ్మదండి" అంది నా స్నేహితురాలు.

ఆయన నా వైపు తిరిగారు. "కడ్డీ పొడవెంత?"

రాత్రంతా బట్టీపట్టిన సమీకరణం ఆ క్షణాన ఎటుపోయిందో తెలియదు. "మూరెడు మీద నాలుగు వేళ్ళండీ" అన్నాను.

మేడమ్ కిటికీ వైపు తిరిగిపోయారు, భుజాలు కదులుతున్నాయి.

"ఎవరి మూర?" అన్నారు ఎగ్జామినరు.

"మా నాన్నదండి" అన్నాను. అన్నాక ఎందుకో భయం పోయింది. కాగితం తీసుకుని, కాంతి వేగాన్ని ఫ్రీక్వెన్సీతో భాగించి, వచ్చిన పొడవులో నాలుగో వంతు తీసి, లోహంలో తరంగం కాస్త నెమ్మదిస్తుంది కాబట్టి కొంచెం తగ్గించి, నాన్న మూర దాకా వచ్చాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత అడిగినవన్నీ గోల గురించే. ఎలా పట్టుకున్నారు, ఎలా ఆపారు, తుమ్మెద సంగతేంటి. వీధిలో టవరు గొడవ చెబుతుంటే బయట వరసలో ఉన్నవాళ్ళు లోపలికి తొంగిచూశారు.

ఆ తర్వాతి వారం మేడమ్ క్లాసుకు నవ్వుతూ వచ్చారు. ఎగ్జామినరుగారు ఫోన్ చేశారట. ఆయనకు పొద్దున్నే విజయవాడ స్టేషను రేడియో వినే అలవాటు. ఏడాదిగా బరబరమంటుంటే సెట్టు పోయిందనుకుని పక్కన పెట్టేశారు. మా వైవా అయ్యాక ఇంటికి వెళ్ళి ఒక్కో స్విచ్చూ ఆపి చూస్తే, వరండాలో ఎల్ఈడీ బల్బు దొరికిపోయిందట. "మీ ఇద్దరికీ థాంక్స్ చెప్పమన్నారు" అన్నారు మేడమ్. మార్కులు బాగానే వచ్చాయి గానీ, ఆ థాంక్సే నాకు ఎక్కువ గుర్తుంది.

కోర్సు అయ్యాక ఇద్దరికీ ఒకే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగాలొచ్చాయి. నాకు అక్కడ మనసు పట్టలేదు. ఎంటెక్ చేసి, ఇప్పుడు పాలిటెక్నిక్ పిల్లలకు ల్యాబు చెబుతున్నాను. మళ్ళీ అదే హైవే, అవే బస్సులు, కాకపోతే నిద్ర తగ్గింది. నా స్నేహితురాలు నాకంటే ముందే ఆ ఉద్యోగం మానేసి, హైదరాబాదులో యాంటెన్నాలు పరీక్షించే చోట చేరింది. చేరిన రోజు మధ్యాహ్నం భోజనాల వేళ ఫోన్ చేసింది.

"ఒసే, ఇక్కడో గది ఉందే. గోడలకీ, పైకప్పుకీ, కిందా మొత్తం నల్లటి స్పాంజి కొమ్ములు. లోపలికెళ్ళి తలుపేసుకుంటే బయటి సిగ్నలు ఒక్కటీ రాదు. ఫోను చచ్చిపోద్ది. మనం మాట్లాడినా మన మాట తిరిగి రాదు. పొద్దుట్నుంచి దాంట్లోనే ఉన్నా."

"ఒక్కదానివే? భయమెయ్యలేదా?"

"భయమెందుకే? నా జీవితంలో మొదటిసారి నన్ను గట్టిగా మాట్లాడమని అడిగారు. బయటున్నవాళ్ళకి వినబడట్లేదంట" అంది. వాళ్ళ క్యాంటీన్లో ఎవరో ఉలిక్కిపడి గ్లాసు కింద పెట్టిన చప్పుడు నాకు ఫోన్లో వినబడింది.